మూడుసార్లు తిరిగారు సరే, కాగితం ఇచ్చారా?

ప్రశ్న: మాది ఆముదాలవలస దగ్గర పల్లెటూరు. అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ రెండో ఏడాది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ పోర్టల్‌లో 4 క్రెడిట్ల (డిగ్రీ చదువును లెక్కగట్టే యూనిట్లు) కోర్సు చదివి, పరీక్ష పాసయింది. వాటిని డిగ్రీలో కలపమని కాలేజీ ఆఫీసుకు మూడుసార్లు వెళ్లాను. ‘మాకు ఆర్డర్లు లేవు’ అంటున్నారు. ఇక వదిలేయమంటారా?

జవాబు: వదిలేయకండి. కాకపోతే మూడుసార్లూ ఒకే కౌంటర్ దగ్గర, నోటిమాటగా అడిగినట్టున్నారు. ఆ గుమస్తా గారు ఇవ్వగలిగింది కాదది. అనుబంధ కాలేజీ అయితే ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం నిర్ణయించాలి. అటానమస్, అంటే సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకునే కాలేజీ అయితే, దాని అకడమిక్ కౌన్సిలే.

విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా అనుమతించవచ్చు. ‘అనుమతించవచ్చు’ అన్న మాట గమనించండి. చాలామంది తల్లిదండ్రులు ‘40 శాతం ఇచ్చి తీరాలి’ అని గట్టిగా వాదిస్తారు, అక్కడే మాట చెడుతుంది. ఏ కోర్సులకు క్రెడిట్లు బదిలీ చేస్తారో సంస్థ ముందే తేల్చుకుంటుంది. కాబట్టి మీరు అడగాల్సింది రెండే: ఆ జాబితాలో ఈ కోర్సు ఉందా? ఉంటే ఏ పేపరుకు బదులుగా?

అర్జీ మీ పేరు మీద కాదు, అమ్మాయి పేరు మీద ఉండాలి. ప్రిన్సిపాల్ గారి ద్వారా పంపండి. కోర్సు కోడ్, వారాల సంఖ్య, సిలబస్, సర్టిఫికెట్, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా) ఐడీ జతచేయండి. స్వయం సిలబస్ పక్కన కాలేజీ పేపరు సిలబస్ పెట్టి, కలిసే యూనిట్లకు పెన్సిల్‌తో గీతలు పెట్టండి. సబ్జెక్టు లెక్చరర్‌కు ముందుగా చూపిస్తే ఇంకా మంచిది, ఆయన ఒక్క మాట రాస్తే సగం పని అయినట్టే. రెండో కాపీ మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబర్ (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబర్) వేయించుకోకుండా మెట్లు దిగకండి. నేనోసారి మొహమాటపడి అడగలేదు. నెల తర్వాత ‘ఏ అర్జీ?’ అన్నారు.

పది, పదిహేను రోజులకోసారి ఆ నంబర్ పట్టుకుని వెళ్లండి. గొడవ వద్దు. ‘ఫైల్ ఎవరి టేబుల్ మీదుంది?’ అంటే చాలు. కదలకపోతే విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి, అప్పీల్ చేయొచ్చు. ఆమోదించిన కోర్సుల జాబితా ఇవ్వమని సమాచార హక్కు కింద అడిగినా 30 రోజుల్లో జవాబు రావాలి. వ్యక్తిగా నాకు ఈ సమాచార హక్కు దారే ఇష్టం, ఎవరినీ వేలెత్తి చూపినట్టుండదు.

ఒక చేదు మాట. అమ్మాయి కాలేజీకి ముందుగా చెప్పకుండా కోర్సులో చేరి ఉంటే మీ వాదన బలహీనమే. అప్పుడు ఈ 4 క్రెడిట్ల కోసం పంతం పట్టకుండా, వచ్చే సెమిస్టర్‌లో ఏ కోర్సుకు ఒప్పుకుంటారో చేరకముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఇదంతా తేలేలోగా రెగ్యులర్ పేపరుకు ఫీజు మాత్రం కట్టేయండి. ఫైల్ కోసం పరీక్ష ఆగదు.