నలుగురితో నారాయణ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది పది మంది పొదుపు సంఘం. మీటింగులో ఏ తీర్మానం పెట్టినా అందరూ సరేనంటారు. బయటికొచ్చాక ఇద్దరు ముగ్గురు పక్కకు పిలిచి, "నాకు ఇష్టం లేదక్కా, అందరూ ఒప్పుకున్నారని ఊరుకున్నా" అంటారు. ముందే నోరు విప్పించడం ఎలా? – సంఘం లీడరు, ప్రకాశం జిల్లా

జవాబు: మీవాళ్లను పిరికివాళ్లనుకోకండి. 1950ల మొదట్లో అమెరికాలో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ కుర్రాళ్లకు ఒక గీత చూపించి, పక్కనున్న మూడింటిలో దానంత పొడవున్నది ఏదో చెప్పమన్నాడు. గుంపులో ఒక్కడే అసలు మనిషి, మిగతావాళ్లంతా ముందే మాట్లాడి పెట్టుకున్నవాళ్లు. ఒంటరిగా అడిగితే నూటికి ఒక్క జవాబు కూడా తప్పు పోలేదు. తనకంటే ముందు అందరూ ఒకే తప్పు జవాబు చెప్పినప్పుడు మాత్రం మూడింట ఒక వంతుకు పైగా జవాబులు తప్పు వైపే మొగ్గాయి. గీతల విషయంలోనే ఇలా ఉంటే, రేపు అప్పు కావాల్సిన సంఘంలో ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

అదే ప్రయోగంలో మీకు పనికొచ్చేవి రెండున్నాయి. గుంపులో ఇంకొక్కరు నిజం చెప్పినా తప్పులు పావు వంతుకు పడిపోయాయి. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నా బాగా తగ్గాయి.

కాబట్టి చర్చకు ముందే ఓటు తీసుకోండి. రాయలేనివాళ్లు ఉంటారు కనుక చీటీల కంటే గింజలు మేలు. ఒక్కొక్కరికి ఒక చింతగింజ, ఒక శనగగింజ ఇవ్వండి. చింతగింజ అంటే సరే, శనగగింజ అంటే వద్దు. మూత మీద చిల్లున్న డబ్బాలు రెండు పెట్టండి. తన ఓటు మొదటి దాంట్లో, మిగిలిన గింజ రెండోదాంట్లో వేయాలి. రెండో డబ్బా లేకపోతే చేతిలో మిగిలిన గింజే ఓటు ఏదో బయటపెడుతుంది. అడుగున గుడ్డ పరవండి, లేదంటే చప్పుడును బట్టి పోల్చేస్తారు. లెక్క చెప్పాక చర్చ మొదలుపెట్టండి, మీ అభిప్రాయం మాత్రం ఆఖరున చెప్పండి. లీడరు ముందు మాట్లాడితే గింజలు కూడా అటే పడతాయి.

ఈ పద్ధతి చెడేది ఎక్కువగా ఒకే ఒక్క మాటతో: "వద్దన్నది ఎవరు?" అని అడగడంతో. ఒక్కసారి అడిగారా, వచ్చే నెల శనగగింజ ఒక్కటీ రాదు. "ముగ్గురికి అభ్యంతరం ఉంది, ఏమై ఉండొచ్చు?" అని అందరినీ అడగండి. పుస్తకంలో తీర్మానం, సంతకాలు మామూలుగానే బాహాటంగా జరగాలి. అప్పటికి తాను ఒంటరో కాదో ఎవరికి వారికి తెలిసి ఉంటుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగిందీ ఇలాంటిదే. సారా తన ఇంటి గొడవ అనుకుంటున్న ఆడవాళ్లకు, అది ఇంటింటి గొడవ అని చదువు కేంద్రాల్లో కూర్చున్నాక తేలింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 60 ఫ్లాట్లు. "40 ఫ్లాట్లవాళ్లు ఇంకా తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం లేదు, సిగ్గుచేటు!" అని లిఫ్టులో నోటీసు అంటించాం. వేరు చేసేవాళ్లూ మానేస్తున్నారు. – అసోసియేషన్ కార్యదర్శి, కూకట్‌పల్లి

జవాబు: తిట్టు ఎవరికీ తగల్లేదు, 40 అన్న అంకె అందరికీ తగిలింది. అమెరికాలోని అరిజోనాలో రాయిగా మారిన చెట్ల పార్కు ఒకటుంది. "చాలామంది ఇక్కడి ముక్కలు పట్టుకెళ్తున్నారు" అన్న ధోరణిలో బోర్డు పెట్టి చూస్తే, గుర్తు పెట్టి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. "దయచేసి తీయకండి" అన్న బోర్డు దగ్గర 2 శాతం లోపే.

ఆ నోటీసు ఇవాళే పీకేయండి. అబద్ధపు అంకె మాత్రం వేయకండి, చెత్త ఎత్తే మనిషికి నిజం తెలుసు. పెరుగుతున్న లెక్క ఉంటే అదే రాయండి: "పోయిన నెల 15 ఫ్లాట్లు, ఈ నెల 20." పెరగకపోతే అంకె జోలికి పోకుండా ఏ బకెట్లో ఏం వేయాలో రాసి ఊరుకోండి.

నీళ్ల మీటరు లెక్కలు పంచాలనుకుంటే ఇంకో జాగ్రత్త. 2007లో వెలువడిన కాలిఫోర్నియా అధ్యయనంలో ఇళ్లకు చుట్టుపక్కలవాళ్ల సగటు కరెంటు వాడకం తెలిపారు. ఎక్కువ వాడేవాళ్లు రోజుకు 1.22 యూనిట్లు తగ్గించారు, పొదుపరులేమో 0.89 యూనిట్లు పెంచేశారు! సగటు పక్కన చేత్తో ఒక నవ్వు ముఖం గీసి ఇచ్చిన పొదుపు ఇళ్లలో ఆ పెరుగుదల దాదాపు కనిపించలేదు. మీరూ "బాగుంది" అని ఒక్క ముక్క రాయండి. ఫ్లాటు నంబర్లతో జాబితా అంటిస్తే మాత్రం గొడవ నీళ్ల గురించి ఉండదు.

ప్రశ్న: టెలిగ్రామ్ షేర్ల గ్రూపులో 200 మంది రోజూ లాభాల స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు. ఇంతమంది అబద్ధం చెబుతారా? – విజయవాడ

జవాబు: పైన చెప్పిన యాష్ ప్రయోగంలో అందరూ కూడబలుక్కుని తప్పు జవాబు చెప్పారు కదా. అక్కడ ఒకరిని తప్పు వైపు లాగడానికి ముగ్గురే సరిపోయారు, ఇక్కడ ఒక్కడే ముప్పై పేర్లతో ఉండొచ్చు. "చిన్న మొత్తం వేసి తీసి చూశాను, వచ్చింది" అన్నది రుజువు కాదు, మొదటి రెండు సార్లు ఇవ్వడం వాళ్ల పెట్టుబడి. సలహాదారు నమోదు నంబరు అడిగి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వెబ్‌సైటులో సరిచూడండి. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే గ్రూపులో వాదన పెట్టుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.