జీతం పెంచాను, కేకులు కోయించాను... అయినా పని మీద మనసు పెట్టరు

ప్రశ్న: మాది విజయవాడ. ఏడేళ్లుగా బొటిక్ నడుపుతున్నాను. మగ్గం వర్క్ చేసేవాళ్లు, టైలర్లు, కటింగ్ మాస్టర్ అంతా కలిపి 14 మంది. కిందటేడు జీతాలు పెంచాను, మగ్గంవాళ్లకు పీస్ రేటూ పెంచాను. ఎవరి పుట్టినరోజైనా కేకు కోయిస్తాను. అయినా నాకున్న శ్రద్ధలో పావు వంతు కూడా ఎవరికీ లేదు. రాత్రి పదింటి దాకా కూర్చుని వాళ్లు చేసిన పని విప్పి నేనే సరిచేసుకుంటాను. సరిగ్గా శ్రావణం ముందు ఇద్దరు మగ్గం వర్కర్లు చెప్పాపెట్టకుండా మానేశారు. వాళ్లకు ఇవ్వాల్సిన 12 రోజుల డబ్బు ఆపేశాను. మావారేమో ‘నువ్వు మరీ మెతక, గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టు’ అంటారు. ఆ టెన్షనంతా ఇంటికెళ్లి పిల్లల మీద చూపిస్తున్నాను. ఏం చేయమంటారు?
- ఒక సోదరి

జవాబు: ‘వాళ్లు చేసిన పని విప్పి నేనే సరిచేసుకుంటాను’ అని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. మీరు దాన్ని మీ కష్టాల్లో ఒకటిగా రాశారు. మగ్గం ముందు కూర్చున్న మనిషికి అదెలా ఉంటుందో చూద్దాం. పొద్దుటి నుంచీ మెడ వంచుకుని, ఆరీ సూదితో ఒక్కో పూసా ఎక్కించి బ్లౌజు చేతి మీద నెమలిని కుట్టాడు. మర్నాడు వచ్చేసరికి తోక మారిపోయి ఉంది. ఎవరు మార్చారో తెలుసు, ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదు. ఇలా నాలుగుసార్లు జరిగాక ఐదో నెమలి మీద మనసు పెట్టమంటే ఎలా పెడతాడు? ‘ఎలాగూ మేడమ్ మారుస్తారులే’ అనుకుంటాడు. ఆ మాట వాళ్లకు నేర్పింది మీరేనని నా అనుమానం.

రేపటి నుంచి ఒక్క కుట్టు కూడా మీరు విప్పొద్దు. చేసినవాళ్లనే పక్కకు పిలిచి, ఎక్కడ తేడా వచ్చిందో చూపించి, వాళ్లతోనే విప్పించండి. మొదట్లో కొన్ని డెలివరీలు ఒకరోజు ఆలస్యమవుతాయి, కస్టమర్లకు ముందే చెప్పుకోండి.

ఇంకో విషయం. ట్రయల్‌కి వచ్చినామె చంక దగ్గర బిగుతుగా ఉందనగానే ‘మావాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా అంతేనండీ’ అనేయడం బొటిక్‌లలో మామూలే. మీరూ అంటారో లేదో రాయలేదు. అలవాటుంటే మాత్రం, ఈసారి అన్నాక లోపలి మిషన్ల చప్పుడు గమనించండి. ఒక్క క్షణం ఆగుతుంది. మెచ్చుకునే కస్టమర్ వచ్చినప్పుడు, ఆ పని చేసిన మనిషిని బయటికి పిలిచి ‘ఇదిగో, ఈయన చేశారు’ అని చెప్పండి. కేకు కన్నా ఇది చవక కూడా!

హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయన బృందం సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కూర్చోబెట్టి ఉద్యోగంలో ఏది సంతోషపెట్టింది, ఏది విసిగించిందని అడిగారు. 1959లో పుస్తకం వేశారు. జీతం, పనిచేసే చోటు సరిగా లేకపోతే మనిషి విసిగిపోతాడు, ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదు, అది తన పనిలోంచి, దానికి దొరికే గుర్తింపులోంచి వస్తుందన్నది సారాంశం. దీని మీద వాదనలున్నాయనుకోండి, మీ షాపుకు మాత్రం బాగానే అతుకుతుంది. అలాగని డబ్బు సంగతి వదిలేయమనడం లేదు.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢం వస్తే అంతే. మీకది గిరాకీ తగ్గిన నెల, పీస్ రేటు మీద బతికేవాడికి అద్దె కట్టలేని నెల. ఆ ఇద్దరూ శ్రావణం ముందే ఎందుకు వెళ్లారో ఆలోచించండి. ఖాళీ చేతులతో ఉన్న సమయంలో ఎవరో అడ్వాన్స్ చూపించి ఉంటారు. వచ్చే ఆషాఢానికి, పని ఉన్నా లేకున్నా నెలకు ఇంత అని కనీస మొత్తం మాటివ్వండి. ఆ రోజుల్లో శాంపిల్ డిజైన్లు వాళ్ల ఊహతో చేయించండి, శ్రావణంలో అవే మీకు ఆర్డర్లు తెస్తాయి. పది మంది దాటారు కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) మీకు తప్పనిసరి. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. జీతంలో మీ వాటా 3.25 శాతం, వాళ్లది 0.75 శాతం. కుటుంబానికి వైద్యం దొరుకుతుంది. ఇంకా కట్టకపోతే ఈ వారమే మీ ఆడిటర్‌తో మాట్లాడండి.

‘నాకున్న శ్రద్ధ’ వాళ్లకు ఉండదు. బోర్డు మీద పేరు మీది, లాభమూ మీది. తను చేసే పీసు మీద శ్రద్ధ ఉంటే చాలదా?

మీవారి సలహా నాకు నచ్చలేదు. చీవాట్లు మీ ఇంట్లో ఇప్పటికే నడుస్తున్నాయి కదా, పిల్లలకు. విప్పే పని మానేస్తే ఎనిమిదింటికల్లా ఇల్లు చేరతారు. మొదటి వారం ఫోన్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీయకుండా వాళ్లతో అన్నం తినండి. అరిచిన సంగతి ఎత్తి, ‘తప్పు నాది, షాపు కోపం మీ మీద చూపించాను’ అని చెప్పండి. పిల్లలు దీన్ని మనం అనుకున్నదానికన్నా తేలిగ్గా అర్థం చేసుకుంటారు.

ఇక ఆ 12 రోజుల డబ్బు. ఇచ్చేయండి. చేసిన పనికి కూలి అది. మీరు ఇస్తారా, ఎగ్గొడతారా అని మిగతా 12 మందీ చూస్తున్నారు. డబ్బు పంపి ఆ ఇద్దరికీ ఫోన్ చేయండి. మళ్లీ రమ్మని అడగొద్దు. ‘ఎందుకు మానేశావు?’ అని మాత్రం అడిగి, చెప్పేదాకా మధ్యలో మాట్లాడకుండా ఉండండి.