టెక్ సందేహాలు: చైనా వెళ్తున్నారా? ఆ ఏపీకే ఫైలు జోలికి పోకండి

గుంటూరులో ఫ్యాన్సీ షాపు నడుపుతున్నాను. సరుకు చూసుకోవడానికి వచ్చే నెల చైనాలోని యివూ టోకు మార్కెట్‌కి వెళ్తున్నాను. అక్కడ అలీపే అనే చెల్లింపుల యాప్ లేకపోతే మంచినీళ్ల సీసా కూడా కొనలేమంటున్నారు. మన ప్లేస్టోర్‌లో అది లేదు. మా వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన, ప్లేస్టోర్‌తో పనిలేకుండా ఆండ్రాయిడ్ ఫోన్‌లో నేరుగా యాప్ వేసుకునే ఏపీకే ఫైలు పెట్టాడు. వేసుకోవచ్చా?

వద్దు. ఇప్పటికే వేసుకుని ఉంటే మిగతాది తర్వాత చదవండి, ముందు ఫోన్‌లో నెట్ ఆపేయండి.

2025 అక్టోబరులో చైనాకు నేరుగా విమానాలు మళ్లీ మొదలైనప్పటి నుంచి ఈ ప్రశ్న ఆగకుండా వస్తోంది. ఊరు మారుతుంది, మార్కెట్ పేరు మారుతుంది, ఆ ఏపీకే మాత్రం మారదు. అందుకే ఈ వారం దీని మీదే రాస్తున్నాను.

మన స్టోర్‌లో ఎందుకు లేదంటే, 2020లో కేంద్ర ప్రభుత్వం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద చైనా యాప్‌లను వరసగా నిషేధించింది. జూన్‌లో వచ్చిన 59 యాప్‌ల జాబితాలో, మెసేజ్‌లకూ చెల్లింపులకూ వాడే వీచాట్ ఉంది. సెప్టెంబరులో వచ్చిన 118 యాప్‌ల జాబితాలో అలీపే ఉంది. చైనాలో రోజువారీ చెల్లింపులన్నీ దాదాపు ఈ రెండింటి మీదే నడుస్తాయి. అవసరం ఉంది, దొరికే దారి లేదు. సరిగ్గా ఈ సందులోకే మోసగాళ్లు దూరుతున్నారు.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. మొదటి తెరలో నీలిరంగు గుర్తు అచ్చం అసలుదానిలాగే ఉంది. రెండో తెరలో ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడుగుతోంది. మూడో తెరలో యాక్సెసిబిలిటీ (వికలాంగుల సౌకర్యం కోసం ఫోన్‌లో ఉండే ఏర్పాటు) ఆన్ చేయమంటోంది. నాలుగో దాంట్లో పాస్‌పోర్ట్ మొదటి పేజీ ఫొటో, ఆ కిందే కార్డు నంబరు. ఈ నాలుగూ కలిస్తే ఏమవుతుందో చూడండి. కార్డు నంబరు వాళ్ల దగ్గరుంది. ఓటీపీ మీకంటే ముందు వాళ్లు చదువుతారు. యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే మీ తెర మీద ఏముందో వాళ్లకు కనిపిస్తుంది, మీ బదులు బటన్లు కూడా వాళ్లే నొక్కగలరు. పైగా మీ పాస్‌పోర్ట్ వాళ్ల చేతిలో ఉంటుంది. కార్డయితే మార్చుకుంటారు, పుట్టిన తేదీని ఎలా మారుస్తారు?

గ్రూపులో పెట్టినాయన మంచివాడే కావచ్చు. ఆయనకూ ఎవరో పంపి ఉంటారు. తెలిసినవాళ్లు పంపారు కదా అని డబ్బు యాప్‌ను వేసుకునే అలవాటు చూస్తే నాకు నిజంగా భయమేస్తోంది. పదివేలు అప్పిచ్చేటప్పుడు కూడా పది ప్రశ్నలు వేసే వ్యాపారి, ఫోన్‌లో మాత్రం అడిగిన ప్రతి అనుమతికీ 'అలౌ' (అనుమతించు) నొక్కుతూ పోతాడు.

ఇప్పటికే వేసుకున్నవాళ్లు నెట్ ఆపాక, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్ చేసి కార్డు బ్లాక్ చేయించండి. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కూడా వేరే ఫోన్ నుంచే మార్చండి. ఆ తర్వాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ (అంతా చెరిపేసి కొత్తదానిలా మార్చడం) చేయండి, యాప్ తీసేస్తే చాలనుకోవద్దు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మరి అక్కడ ఎలా? ఇక్కడ ఉండగా దొడ్డిదారులు వెతక్కండి. చైనాలో దిగాక, అలీపే సొంత వెబ్‌సైట్ నుంచి మాత్రమే దించుకోండి. ఐఫోన్ వాళ్లు యాప్ స్టోర్‌లో దేశం మార్చాల్సి రావచ్చు. ఖాతాలో బ్యాలెన్స్ గానీ, నడుస్తున్న సబ్‌స్క్రిప్షన్ గానీ ఉంటే అది మారనివ్వదు కాబట్టి బయల్దేరే ముందే వాటి సంగతి చూసుకోండి. 2023 నుంచి ఈ యాప్‌లలో వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి విదేశీ కార్డులు కలుపుకోవచ్చు. 200 యువాన్ల లోపు చెల్లిస్తే అదనంగా ఏమీ పడదు, దాటితే 3 శాతం రుసుము. మీ బ్యాంకు వేసుకునే విదేశీ మారకపు ఛార్జీ దీనికి వేరు. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్‌లో ఉంటే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, పరిమితి తక్కువగా పెట్టుకోండి. జీతమో, వ్యాపారం డబ్బో పడే ఖాతా కార్డు మాత్రం కలపకండి.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. యూపీఐలో స్కాన్ చేస్తే ప్రతిసారీ పిన్ కొట్టడం మనకు అలవాటు. అక్కడ చాలాచోట్ల దుకాణదారే మీ ఫోన్‌లోని కోడ్‌ను స్కాన్ చేస్తాడు. చిన్న మొత్తాలకు పాస్‌వర్డ్ అడగకుండానే డబ్బు వెళ్లిపోతుంది. అంటే ఆ కోడ్ కనిపించే తెర చేతిలో నోటుతో సమానం. 'పేమెంట్ రావడం లేదు, ఒకసారి స్క్రీన్‌షాట్ పంపండి' అని ఎవరైనా అడిగితే పంపకండి.

ఇవేవీ కుదరకపోతే యువాన్ నోట్లు తీసుకెళ్లండి. అక్కడ దుకాణదారు నగదు తీసుకోనంటే చట్టరీత్యా తప్పు. చిల్లర దొరకడమే కష్టం కాబట్టి చిన్న నోట్లు ఎక్కువ ఉంచుకోండి. సరుకు డబ్బు మాత్రం ఈ యాప్‌లలో కట్టొద్దు. అది మీ బ్యాంకు నుంచి వాళ్ల కంపెనీ ఖాతాకే వెళ్లాలి. 'మా ఖాతా మారింది' అని మెయిల్ వస్తే, పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు విన్నాకే పంపండి.

విజయవాడ నుంచి మరో పాఠకుడు: గ్వాంగ్‌జౌలో దిగగానే లోకల్ సిమ్ వేసుకుంటే చవక కదా? రోమింగ్ ప్యాక్ దండగ అంటున్నారు.

వారం రోజుల ప్రయాణానికి దండగ కాదు. గూగుల్, వాట్సాప్, యూట్యూబ్‌లను చైనా అడ్డుకుంటుంది కాబట్టి లోకల్ సిమ్‌లో, హోటల్ వైఫైలో అవి తెరుచుకోవు. రోమింగ్‌లో మీ డేటా మన ఆపరేటర్ దాకా వచ్చి, ఇక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. అందుకే అవన్నీ పనిచేస్తాయి. లోకల్ సిమ్‌కు పాస్‌పోర్ట్ ఇవ్వాలి, 2019 డిసెంబరు నుంచి ముఖం స్కాన్ కూడా చేస్తున్నారు. తీసుకున్నా రెండో స్లాట్‌లో వేయండి. మన సిమ్ బయటికి తీశారో, యూపీఐ యాప్ మళ్లీ మొదటి నుంచి రిజిస్టర్ చేసుకోమంటుంది.

ఇక్కడే నా కోపం కూడా చెప్పాలి. నిరుడు ఒక ప్రయాణంలో, రాత్రి పదకొండు గంటలకు హోటల్ కౌంటర్ ముందు నిలబడి నలభై నిమిషాలు ఓటీపీ కోసం ఎదురుచూశాను. కార్డు ఉంది, డబ్బు ఉంది, ఎస్సెమ్మెస్ రాదు. మనిషి జీవితమంతా ఒక్క సిమ్ మీద, ఒకే ఊళ్లో గడిచిపోతుందన్నట్టు యాప్‌లు కడుతున్నారు. నిర్ధారణకు ఎస్సెమ్మెస్ ఒక్కటే దారి కానక్కర్లేదని ఆర్‌బీఐ 2025 సెప్టెంబరులో ఇచ్చిన నిబంధనల్లోనే ఉంది. బ్యాంకులు ఇంకో దారి చూపించాలి. అది ప్రయాణం మధ్యలో కాదు, బయల్దేరే ముందే కస్టమర్ ఎంచుకునేలా ఉండాలి.

మా అమ్మాయి చైనాలో ఎంబీబీఎస్ మూడో ఏడాది. అక్కడ వాట్సాప్ రాదు, ఇక్కడ వీచాట్ రాదు. ఉచిత వీపీఎన్‌తో రోజూ మాట్లాడుతోంది. ప్రమాదమా? (ఖమ్మం నుంచి ఒక అమ్మ)

ప్రమాదమేనమ్మా, రెండు రకాలుగా. వీపీఎన్ అంటే మన నెట్‌ను వేరేచోటి సర్వర్ మీదుగా తిప్పి, అడ్డుకున్న సైట్లను తెరిచే యాప్. అనుమతి లేని వీపీఎన్ వాడటం అక్కడ నిబంధనలకు విరుద్ధం, జరిమానాలు పడిన సందర్భాలున్నాయి. ఇక ఉచిత వీపీఎన్ నడిపేవాడికి కూడా సర్వర్ల ఖర్చు ఉంటుంది, అది ఎక్కడో రాబట్టుకుంటాడు. మీ అమ్మాయి ఎప్పుడు ఏ సైటుకు వెళ్తోందో వాడికి కనిపిస్తుంది. ఆ యాప్ 'సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేయండి' అని అడిగి ఉంటే, ఈ రాత్రే తీసేయమనండి. అదే ఫోన్‌లో బ్యాంకు యాప్ ఉంటే పాస్‌వర్డ్ కూడా మార్చమనండి.

ఇద్దరి దగ్గరా ఐఫోన్లుంటే ఫేస్‌టైమ్ పనిచేస్తుంది. లేకపోతే హాంకాంగ్ ఆపరేటర్ సిమ్ ఒకటి రెండో స్లాట్‌లో ఉంచుకోమనండి. చైనాలో అది రోమింగ్‌లో నడుస్తుంది కాబట్టి వాట్సాప్ వస్తుంది. డేటా ఖరీదు ఎక్కువే. రోజూ వాయిస్ కాల్, ఆదివారం మాత్రం వీడియో పెట్టుకోండి.

సెలవులకు ఇక్కడికి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు మరో విషయం చూడండి. 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో, 3సీ (చైనా భద్రతా ధ్రువీకరణ) గుర్తు లేని పవర్ బ్యాంకులను తీసుకెళ్లనివ్వడం లేదు. ఇక్కడ కొన్నదాని మీద ఆ గుర్తు ఉందో లేదో సూట్‌కేసు సర్దేటప్పుడే తిప్పి చూడండి.