యుద్ధం వస్తోందని తెలిసినా సైన్యానికి సామాను ఎందుకు తక్కువ పడుతుంది?

"ముందే తెలిసినప్పుడు కొనిపెట్టుకోవచ్చు కదా, డబ్బు లేకనా?" అని అడిగారు. నేను నేవీలో పదిహేనేళ్లు స్టోర్స్‌లో చేశాను, ఎక్కువ కాలం విశాఖలోనే. నేను చూసినంతలో డబ్బు కంటే టైమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

1999లో కార్గిల్ అప్పుడు ఇక్కడి తూర్పు నౌకాదళం నుంచి కొన్ని ఓడలు అరేబియా సముద్రం వైపు వెళ్లాయి. మాకూ రెడీగా ఉండమన్నారు. బియ్యం, పప్పులు, డీజిల్ అన్నీ చకచకా ఎక్కించేశాం. పని ఆగిపోయింది ఒక పంపుకి వేసే రబ్బరు సీల్ దగ్గర. బిన్ కార్డులో, అంటే ర్యాక్‌లో సామాను లెక్క రాసే కార్డులో, ఆరు అని ఉంది. నేనే ర్యాక్ నుంచి దించి ప్యాకెట్ చింపాను, ఆరూ ఉన్నాయి, కానీ గోరుతో నొక్కితే మెత్తగా దిగాల్సింది సన్నగా బీట వేసింది. రబ్బరుకి వాడే గడువు ఉంటుంది, పైగా మన విశాఖ ఎండలో రేకుల గోడౌన్ అంటే తెలుసు కదా. కాగితం మీద స్టాక్ కనిపిస్తోంది కాబట్టి ఎవరూ కొత్తగా ఇండెంట్ (సామాను కావాలని రాసే కోరిక) పెట్టలేదు. పెట్టినా టెండరు, తయారీ, తనిఖీ అంటూ నెలలు పడుతుంది.

చివరికి రిఫిట్‌లో, అంటే పెద్ద మరమ్మతులో, ఉన్న ఇంకో ఓడ పంపు విప్పి ఆ సీల్ తెచ్చి వేశాం, దీన్నే కానిబలైజ్ చేయడం అంటాం. ఆ ఓడలో పెద్దాయన ఒకరు "మాది పట్టుకుపోతున్నావ్ బాబూ, రేపు మాకు పిలుపొస్తే?" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు, రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని వచ్చేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మందుగుండు సంగతీ ఇంతే. ఫిరంగి గుండు ఉంటే సరిపోదు, దాన్ని తోసే మందు, కొనకి బిగించి గుండు పేలేలా చేసే ఫ్యూజ్ విడివిడిగా వస్తాయి, ఫ్యూజ్ లేకపోతే గుండు గోడౌన్‌లో బరువు తప్ప ఎందుకూ పనికిరాదు. 2017లో కాగ్ నివేదిక చూడండి, 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల గట్టి యుద్ధానికి కూడా చాలవని రాసింది, ఫ్యూజుల కొరతనూ ఎత్తిచూపింది.

1971లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు మన విమానవాహక నౌక విక్రాంత్ పరిస్థితి కూడా అదే. నాలుగు బాయిలర్లలో ఒకటి పగిలింది, మార్చే వ్యవధి లేదు, వేగం తగ్గించుకునే యుద్ధానికి వెళ్లింది. అప్పటి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దాన్ని అండమాన్ వైపు దాచి, అది విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా ఇక్కడి కాంట్రాక్టర్లకు ఓడకి సరిపడా కూరగాయలు, మాంసం ఆర్డర్లు ఇప్పించారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దాన్ని వెతుక్కుంటూ వచ్చి మన తీరంలోనే మునిగింది. లోటుని అంత తెలివిగా కప్పుకున్నారంటే నాకు ఇప్పటికీ గర్వమే, కానీ ప్రతిసారీ ఒక కృష్ణన్ దొరకరు.

ఆ బీటలు చూశాక మేం అడిగిన సీళ్లు వానలు ముదిరాక వచ్చాయి. అప్పటికి కార్గిల్ అయిపోయింది. మొదటిది తీసుకెళ్లి ఆ రిఫిట్ ఓడ పెద్దాయన చేతికే ఇచ్చాను.