20 లీటర్ల బారెల్‌లో స్ట్రాంగ్ స్టౌట్‌ని ఎన్నాళ్లు ఉంచాలి?

కొత్త ఓక్ బారెల్ ఒకటి, 20 లీటర్లది, కొన్నానన్నారు. 10 శాతం ఆల్కహాల్ వచ్చేలా ఇంపీరియల్ స్టౌట్ (బాగా ఘాటైన నల్ల బీరు) చేసి, బ్రూవరీల వాళ్లలాగే ఏడాది ఉంచితే సరిపోతుందా అని అడిగారు. ఏడాది వద్దండి. నేను ఆరు నెలలు ఉంచి మొత్తం సింకులో పారబోశాను.

పెద్ద బ్రూవరీలు వాడేవి ఎక్కువగా 200 లీటర్ల బూర్బన్ (అమెరికా విస్కీ) బారెల్స్. అమెరికా చట్టం ప్రకారం బూర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే ఉంచాలి. అందుకే ఒకసారి వాడేసినవి బీరు వాళ్ల చేతికి వస్తాయి. అంటే చెక్కలో ఉన్న ఘాటంతా ముందే విస్కీ లాగేసుకుని ఉంటుంది. మీది కొత్త చెక్క. పైగా చిన్న పీపాలో లీటరు బీరుకు తగిలే చెక్క, పెద్దదాంతో పోలిస్తే రెండింతల పైమాటే. చెక్క రుచి తొందరగా దిగుతుంది, గాలీ తొందరగా దూరుతుంది.

నాకు రెండూ జరిగాయి. ఆరు నెలల తర్వాత మూత తీస్తే బీరు మూడు వేళ్లు కిందికి దిగి ఉంది, ముక్కుకి వినిగర్ వాసన గుప్పుమంది. ఆవిరైన చోట గాలి చేరింది, ఆ గాలితో బ్యాక్టీరియా ఆల్కహాల్‌ని ఆమ్లంగా మార్చేసింది. ఒక గుక్క తాగి చూశాను. గంటసేపు మరిగిన టీ డికాక్షన్‌లో రంపపు పొట్టు కలిపినంత వగరు! వినిగర్ పట్టిన చెక్కని ఎంత కడిగినా నమ్మలేం, ఆ పీపాలో మళ్లీ బీరు పోయలేదు.

రెండో పీపాకి పద్ధతి మార్చాను. ముందు వేడినీళ్లు నింపి రెండు రోజులు ఉంచితే చెక్క ఉబ్బి, కారే సందులు మూసుకున్నాయి. తర్వాత కొంచెం విస్కీ పోసి, రోజూ దొర్లిస్తూ నెల రోజులు ఉంచాను. అప్పుడే స్టౌట్ పోశాను. వారానికోసారి రుచి చూస్తూ వచ్చాను: రెండో వారానికి వెనీలా, మూడో వారం చివరికి లేత కొబ్బరి వాసన. నాలుగో వారం నాలుక చివర వగరు మొదలవగానే తీసేశాను. అదే పీపాలో తర్వాతి బ్యాచ్ ఏడు వారాలు తట్టుకుంది. రుచి కోసం మాటిమాటికీ మూత తీయకండి, గాలి లోపలికి పోతుంది. పీపా ముఖానికి సన్నని రంధ్రం చేసి స్టెయిన్‌లెస్ స్టీల్ మేకు బిగించండి. మేకు లాగితే సన్నటి ధారగా గ్లాసులో పడుతుంది. రష్యన్ రివర్ బ్రూవరీ విన్నీ సిలుర్జో పేరు మీద దీన్ని విన్నీ మేకు అంటారు.

ఇంతకీ బారెల్ కంటే ముందు మీరు టెన్షన్ పడాల్సింది ఈస్ట్ గురించి. నా మొదటి స్టౌట్ గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత, చక్కెర పులిసేకొద్దీ తగ్గుతుంది) 1.100 దగ్గర మొదలై 1.045 దగ్గర ఆగిపోయింది. అంత చిక్కటి వోర్ట్‌కి (మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజ నుంచి తీసిన తీపి రసం) ఒకే ఒక్క ఈస్ట్ ప్యాకెట్ వేశాను మరి! ఆ తీపితోనే పీపాలో పోయడం ఇంకో తప్పు, సూక్ష్మజీవులకు విందు పెట్టినట్టే. ఇప్పుడైతే ముందు ఒక తేలికపాటి బీరు చేసి, దాని అడుగున పేరుకున్న ఈస్ట్ మడ్డి మీదే కొత్త వోర్ట్ పోస్తున్నాను. వోర్ట్ చల్లారాక ఈస్ట్ కోసం బాగా గాలి పట్టించి, మొదటి మూడు రోజులు 18 డిగ్రీలు దాటనివ్వను. 1.025 దాకా దిగుతోంది. ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి మాత్రమే వదిలే బిరడా) బదులు లావు గొట్టం పెట్టండి, నురుగు పొంగుతుంది. మా సీలింగ్ మీద మరక ఇంకా ఉంది.

మాల్ట్ దగ్గర రెసిపీ లెక్కల్ని నమ్మకండి. గింజ ఎక్కువయ్యేకొద్దీ చక్కెర పూర్తిగా దిగదు, గింజలోని చక్కెరలో నాకు మామూలుగా 75 శాతం దిగేది, ఇందులో 60కి పడిపోతుంది.

బాటిళ్లలో నింపే ముందు వారం తేడాతో రెండుసార్లు గ్రావిటీ చూడండి. తగ్గుతూ ఉంటే ఆగండి, లేకపోతే బాటిళ్లు పేలతాయి. అంత ఆల్కహాల్‌లో పాత ఈస్ట్ అలిసిపోయి ఉంటుంది కాబట్టి చక్కెరతో పాటు చిటికెడు కొత్త ఈస్ట్ కూడా వేయండి. నేను వేయని బ్యాచ్‌లో మూడు నెలలైనా ఒక్క బుడగ రాలేదు.