ఫౌంటెన్స్ అబీ అనే క్రైస్తవ మఠం ఎలా పాడుబడింది? ఇప్పుడు ఏమి మిగిలింది?

దాన్ని పాడుపెట్టింది కాలం కాదు, రాజు. యార్క్‌లోని మఠంలో నియమాలు సడలిపోయాయని విసిగి బయటికి వచ్చిన 13 మంది సన్యాసులు 1132లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, స్కెల్ నది లోయలో దీన్ని స్థాపించారు. తర్వాత కఠిన నియమాలు పాటించే సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల శాఖలో చేరారు. నిరాడంబరతను వ్రతంగా పట్టిన ఈ మఠమే గొర్రెల ఉన్నితో దేశంలోని సంపన్న మఠాల్లో ఒకటైంది, విచిత్రం!

1539లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఈ మఠాన్ని మూయించాడు. పైకప్పు మీది సీసం లోహాన్ని ఒలిచేశారు. కొంత రాయి పక్కనే ఫౌంటెన్స్ హాల్ భవనానికి పోయింది.

చర్చి గోడలు, ఎత్తయిన గోపురం నిలిచే ఉన్నాయి. నన్నడిగితే ముందు చూడవలసింది పడమటి వైపు కింది అంతస్తు: దాదాపు 90 మీటర్ల పొడవు, నడుమ ఒకే వరుస స్తంభాలు, ఒక్కో స్తంభం నుంచి తాటిమట్టల్లా విచ్చుకునే రాతి కమానులు. ఆ కప్పు నేటికీ పదిలం.