వంక పక్కన వెంచర్ అంటే ముందు ఎఫ్ఎంబీ కొలతల పటం తీయించు అల్లుడూ

అల్లుడూ,

నిన్న ఫోన్లో నువ్వు అంత బాధగా మాట్లాడినాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే రాస్తాండా. మీ కాలనీ వెనక వంక (వాగు) పక్కన అపార్ట్‌మెంట్లు వస్తాయంట, వాట్సాప్ గ్రూపులో అందరూ తిట్టుకుంటాండారంటివి. తిట్టుకుంటే పని జరగదు నాయనా, మేం చేసిన తప్పు మీరు చేయొద్దండి.

మా వీధి వెనక లేఅవుట్ వేసేటప్పుడు అరవై మందిమి సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చినాం. ఏం రాసినాం అందులో, దుమ్ము వస్తాది, ప్రశాంతత పోతాది, దయచేసి ఆపండి అని. ఒక్క సర్వే నంబర్ లేదు. తీసుకున్నాయన చదివి "అమ్మా, దీంట్లో నేను చూడాల్సింది ఏముంది" అనె. లేఅవుట్ వచ్చేసింది. 2022 అక్టోబర్‌లో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు మా వంటింట్లో ఖాళీ సిలిండర్ నీళ్ళల్లో తేలుతాండె, నేను మంచం మీద నిలబడి చూస్తాండా. గోడ మీద ఆ మరక ఇప్పటికీ ఉంది, సున్నం కొట్టనీయలేదు. మీ కాలనీలో అట్లాంటి మరకలు ఎన్ని ఇళ్ళల్లో ఉంటే అన్నీ పక్కన టేపు పెట్టి ఫోటోలు తీయండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ స్థలం సర్వే నంబర్ కనుక్కో, ఎఫ్ఎంబీ స్కెచ్ (ఆ సర్వే నంబర్ హద్దులు, కొలతలు చూపే పటం), గ్రామ నక్ష సర్టిఫైడ్ కాపీలకి దరఖాస్తు పెట్టు, వంక పోరంబోకు, అంటే వంక కింద ఉన్న సర్కారు భూమి, ఎంతుందో దాంట్లో తెలుస్తాది. బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 మీటర్ల కంటే వెడల్పున్న వంకకి అంచు నుంచి 9 మీటర్లు వదలాల, అంతకన్నా సన్నదైతే 2 మీటర్లే. మోసం జరిగేది ఇక్కడే. ముందు మట్టి తోలి వంకని సన్నగా చేస్తారు, తర్వాత కొలిచి ఇది చిన్న కాలువే కదా అంటారు. అందుకే నేల మీద కొలత కాదు, రికార్డులో ఉన్న వెడల్పు ప్రకారం, సంబంధిత శాఖలోళ్ళు కలిసి చేసే జాయింట్ సర్వే చేయమని అడగండి, ఈ ఒక్క మాట అర్జీలో పైనే ఉండాల.

టైం చూసుకో. పొలం జోన్‌ని రెసిడెన్షియల్‌గా మార్చాలంటే నోటీసు ఇస్తారు, అభ్యంతరాలకు మామూలుగా 15 రోజులే. ఆర్టీఐకి 10 రూపాయలు కట్టి అడిగితే జవాబుకి 30 రోజులు, కాబట్టి కాగితాలన్నీ వచ్చినాక ఇస్తాంలే అని కూర్చుంటే గడువు దాటిపోతాది. ముందు అభ్యంతరం ఇచ్చేయండి, ఆర్టీఐ కూడా అదే రోజు వేయండి, తర్వాత వచ్చిన కాగితాలు జతపరచొచ్చు. రెండో కాపీ మీద సీలు, తేదీ, సంతకం వేయించుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలొద్దు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి.

బ్రోచర్ పంచుతాండారా? స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు, ప్రచారం కూడా చేయకూడదు. రెరా నంబర్ లేని బ్రోచర్ దొరికితే పారేయకుండా దాచి పెట్టు, దాంతో రెరాకి కంప్లైంట్ పెట్టొచ్చు.

అందరూ ఒకే అర్జీ జెరాక్స్ తీసి ఇయ్యొద్దండి, ఎవరింట్లోకి నీళ్ళు ఎంత లోతు వచ్చినాయో వాళ్ళు సొంతంగా రాయాల. ఇంకోటి, ఇళ్ళే వద్దు అని మాత్రం రాయొద్దు. మన ఇళ్ళున్నది కూడా ఒకప్పుడు శెనక్కాయ చేన్లలోనే కదప్పా, రేపు ఆ ఫ్లాట్లు కొనేది కూడా అప్పు చేసి వచ్చే మనలాంటోళ్ళే, మునిగితే ముందు మునిగేది వాళ్ళే. నీళ్ళ దారి వదిలి కట్టుకోమను, అది ఎవరూ కాదనలేని మాట.

ఆదివారం పొద్దున్నే ఇంటికి రా, మా పాత ఫైలు ఇస్తా, వంక దగ్గరికి కూడా పోదాం. 30 మీటర్ల టేపు తెచ్చుకో, ఇంట్లో వాడే చిన్నది పనికిరాదు.

మీ అత్త